అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు కనుక్కోవడం ఎలా?

వంశవృక్షం రాయడం మొదలుపెట్టినవాళ్ళు చాలామంది ఒకే చోట ఆగిపోయి నన్ను అడుగుతుంటారు. "మగవాళ్ళ పేర్లు ఆరు తరాల వరకు దొరికాయండీ. అమ్మమ్మ వాళ్ళమ్మ ఎవరింటి ఆడపడుచో మాత్రం ఎవరూ చెప్పలేకపోతున్నారు." పెళ్ళయిన రోజు నుంచి ఆడవాళ్ళ పేరు ముందు మెట్టినింటి పేరే చేరుతుంది. రేషన్ కార్డులో, ఓటరు జాబితాలో, చివరికి పెద్దకర్మ కార్డులో కూడా అదే.

డొక్కా సీతమ్మగారి పేరు తెలియని ఇల్లు గోదావరి డెల్టాలో ఉండదు. లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవాళ్ళకి కూడా అన్నం పెట్టిన తల్లి. డొక్కా అన్నది ఆవిడ భర్త జోగన్నగారి ఇంటిపేరు. ఆవిడ 1841లో మండపేటలో పుట్టారు, తండ్రి అనుపిండి భవానీశంకరంగారు. అనుపిండి వారి ఆడపడుచు అని ఎంతమందికి తెలుసు? అంతటి మనిషికే అలా ఉంటే మన అమ్మమ్మల సంగతి చెప్పాలా?

అయినా దొరుకుతుంది. నేను నమ్మే సూత్రం ఒకటే: ఆవిడ పేరుని వెతక్కండి, ఆవిడ పుట్టిల్లు ఈ ఇంటికి వచ్చిన సందర్భాలని వెతకండి. పెళ్ళి, పురుడు, సారె, పసుపు కుంకుమ, పెద్దకర్మ. పుట్టింటివాళ్ళు గడప తొక్కిన ప్రతిసారీ ఏదో ఒక ఆనవాలు వదిలే వెళ్ళారు.

కావలసినవి

ఒక లాంగ్ నోట్‌బుక్, పెన్సిలు (పెన్ను వద్దు, ఎందుకో తర్వాత చెప్తాను), ఫోటో తీయడానికీ మాటలు రికార్డు చేయడానికీ ఒక ఫోను, కొంచెం ముగ్గుపిండి. ఇంట్లో ఉన్న పాత దస్తావేజుల నకళ్ళు. పొలం సర్వే నంబర్లు తెలిస్తే అవి. రెండు మూడు ఊళ్ళు తిరిగే ఓపిక. డబ్బు పెద్దగా ఖర్చవదు. ఆఫీసుల్లో కట్టే ఫీజులు, బస్సు చార్జీలు, అంతే.

1. ఒక్క మనిషిని ఎంచుకోండి

నలుగురు ముత్తవ్వల కోసం ఒకేసారి వెతికితే నలుగురూ కలిసిపోతారు. ఒక్కరినే తీసుకోండి. ఒక పేజీలో ఆవిడ పేరు, పిలుపు పేరు, భర్త పేరు, మెట్టిన ఊరు, పిల్లలు పుట్టిన వరస రాయండి. పిలుపు పేరు తప్పకుండా రాయాలి. మన వైపు బుల్లెమ్మ, చిట్టెమ్మ, పాపాయమ్మ అని పిలిచేవారి అసలు పేరు కాగితాల్లో వేరే ఉంటుంది. అత్తగారి పేరూ కోడలి పేరూ ఒకటైతే కోడలికి పేరు మార్చి పిలిచిన ఇళ్ళు కూడా ఉన్నాయి. అలాంటప్పుడు పుట్టింట్లో ఒక పేరు, మెట్టినింట్లో ఒక పేరు.

సంవత్సరాలు గుర్తు లేకపోతే పెద్దవాళ్ళని తారీకులు అడగొద్దు. "ఎనభయ్యారు వరదలకి ముందా, తర్వాతా?", "తొంభయ్యారు తుఫానుకి ఆవిడ ఉన్నారా?", "ఏ పుష్కరాలకి పోయారు?" అని అడగండి. గోదావరి పుష్కరాలు 1979, 1991, 2003, 2015 అని మీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకోండి, చాలా పనికొస్తుంది.

2. పెద్దవాళ్ళని అడగండి, కానీ ఇంటిపేరు అడగొద్దు

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. "అమ్మమ్మ ఇంటిపేరేంటి?" అంటే ఎనభై ఏళ్ళ మనిషి మెట్టినింటి పేరే చెప్తారు, లేదా "గుర్తు లేదమ్మా" అంటారు. మాట అక్కడితో ఆగిపోతుంది. బదులుగా ఇవి అడగండి:

- పురుటికి ఏ ఊరు వెళ్ళేవారు? పడవలో వెళ్ళేవారా, గూడుబండిలోనా? పడవైతే ఏ రేవులో, ఏ లాకుల దగ్గర దిగేవారు?
- మా అమ్మ పెళ్ళిలో గంపలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చిన మేనమామ ఎవరు? ఆయన పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారు?
- సంక్రాంతికి సారె ఎక్కడి నుంచి వచ్చేది? ఎవరు తెచ్చేవారు?
- తాతయ్య పోయినప్పుడు పుట్టింటి బట్టలు ఎవరు తెచ్చారు?

ఈ నాలుగింటిలో నాకు ఎక్కువసార్లు జవాబు తెచ్చింది చివరిది. పెళ్ళి ముచ్చట్లు మర్చిపోయినవాళ్ళకి కూడా పదో రోజున చీర పట్టుకుని ఎవరొచ్చారో గుర్తుంటుంది. అడిగే తీరు మాత్రం మెత్తగా ఉండాలి. అది దుఃఖం నిండిన రోజు కదా.

ఇందులో రెండో ప్రశ్న గట్టిది. మీ అమ్మగారి మేనమామ అంటే మీ అమ్మమ్మ అన్నో తమ్ముడో. ఆయన ఇంటిపేరే అమ్మమ్మ పుట్టింటి పేరు. ఒక తరం వెనక్కి వెళ్ళాలంటే అమ్మమ్మ మేనమామ ఎవరో అడగండి. ఇలా మేనమామల్ని పట్టుకుని మెట్లెక్కినట్టు పైకి వెళ్ళొచ్చు.

ఎవరిని అడగాలి? ఇంటి పెద్దకొడుకు కంటే ఆడపడుచులకి, తోడికోడళ్ళకి ఎక్కువ తెలుస్తుంది. ఊళ్ళో శుభలేఖలు పంచిన, సారె కావిళ్ళు మోసిన కుటుంబాల పెద్దలు ఉంటే వాళ్ళ దగ్గర కూర్చోండి. ఏ ఇంటికీ ఏ ఇంటికీ వియ్యమో వాళ్ళు చెప్పినంత వివరంగా చుట్టాలు కూడా చెప్పలేరు. కుటుంబానికి కట్టుబడిన వంశరాజులో, భట్రాజులో ఇప్పటికీ వస్తుంటే వాళ్ళనీ అడగండి. ఇంటిపేర్లు, గోత్రాలు చెప్పడం వాళ్ళ విద్య. పద్మశాలీలకైతే కూనపులివారు ఉంటారు.

ఒక జాగ్రత్త. మన చుట్టాల్ని ఊరి పేరుతో పిలుస్తాం: పోడూరు అత్త, కాకరపర్రు మామ్మ. ఆ ఊరు ఆవిడ పుట్టినదా, మెట్టినదా అని అప్పటికప్పుడే అడిగి రాసుకోండి. అడక్కుండా ఊహిస్తే నెలల తరబడి తప్పుడు ఊళ్ళో తిరుగుతారు.

3. ఇల్లు గాలించండి

ముందు అటక. పాత ఇత్తడి బిందెలు, గంగాళాలు, కంచు గిన్నెలు దించండి. పెళ్ళికి పెట్టిన సామాను మీద పేర్లు చెక్కించడం మన అలవాటు. అంచు కిందో, మెడ దగ్గరో చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు ఉంటాయి. అరిగిపోయి కనబడకపోతే పొడి ముగ్గుపిండి రాసి గుడ్డతో పైపైన తుడవండి. అక్షరాల గుంటల్లో పిండి నిలిచి చదవడానికి వీలవుతుంది. పక్క నుంచి టార్చి వేసి ఫోటో తీయండి. చింతపండు పెట్టి గట్టిగా తోమొద్దు, ఉన్న అక్షరం కూడా పోతుంది. బిందె మీద పేరు ఇచ్చినవాళ్ళది కావచ్చు, పుచ్చుకున్నవాళ్ళది కావచ్చు, పాత సామాను కొన్నప్పుడు అసలు సంబంధమే లేనివాళ్ళది కావచ్చు. కాబట్టి దాన్ని సాక్ష్యంగా రాసుకోండి, తీర్పుగా కాదు.

తర్వాత ట్రంకు పెట్టె. శుభలేఖ దొరికితే "గారి జ్యేష్ఠ పుత్రిక", "గారి పౌత్రి" అన్న చోట చూడండి. పిలిచేవారి పేరు మాత్రమే చూసి ఆగిపోవద్దు. తండ్రి లేని పిల్ల పెళ్ళి మేనమామో, తల్లివైపు తాతో చేస్తే పిలిచేవారి ఇంటిపేరు పిల్ల పుట్టింటి పేరు కాదు.

చదివింపుల పుస్తకం ఉంటే దాని విలువ చెప్పలేను. ఎవరు ఎంత చదివించారో ఇంటిపేరు, ఊరు వేసి వరసగా రాసి ఉంటుంది. అమ్మ పెళ్ళి పుస్తకంలో మేనమామ పేరు ఎక్కడుందో చూడండి. ఒకే ఊరి నుంచి ఒకే ఇంటిపేరు వాళ్ళు నలుగురైదుగురు చదివించి, వాళ్ళు మీ తండ్రివైపు వాళ్ళు కాకపోతే, ఆ ఊరూ ఆ ఇంటిపేరూ గుండ్రంగా చుట్టి పెట్టుకోండి. పాత ఇన్‌లాండ్ ఉత్తరాల వెనక పంపినవారి చిరునామా, ఫోటోల వెనక రాసిన పేర్లు కూడా చూడండి.

ఆవిడ ఏ కొంచెం బడికి వెళ్ళినా ఆ ఊరి బడి అడ్మిషన్ రిజిస్టరులో పుట్టింటి పేరుతోనే ఉంటారు. ఓటరు జాబితాల మీద మాత్రం టైము పెట్టొద్దు. 1989 వరకు ఓటు వయసు 21, ఆ తరం ఆడవాళ్ళకి అంతకు ముందే పెళ్ళయిపోయింది. భర్త పేరే కనిపిస్తుంది.

4. దస్తావేజులు

భూమి ఉన్న కుటుంబాలకి ఇది గట్టి దారి. ఆడపిల్లకి పసుపు కుంకుమ కింద పొలం రాసిస్తే ఆ దస్తావేజులో తండ్రి పేరు, ఇంటిపేరు, తాలూకా, గ్రామం అన్నీ ఉంటాయి. "ఫలానా గ్రామ కాపురస్తులు ఫలానా వారు, తమ కుమార్తె, ఫలానా గ్రామ కాపురస్తులు ఫలానా వారి భార్యకి" అన్న ఒక్క వాక్యంలో రెండిళ్ళూ దొరుకుతాయి. ఆ పొలం తర్వాత అమ్మేసినా, అమ్మకం దస్తావేజులో "మా తండ్రిగారి వల్ల పసుపు కుంకుమగా సంక్రమించిన" అన్న మాట కోసం చూడండి.

ఇంట్లో కాగితం లేకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళి సర్వే నంబరు, గ్రామం ఇచ్చి ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) అడగండి. 1983 నుంచి వివరాలు కంప్యూటర్లో దొరుకుతాయి. అంతకు ముందువి చేత్తో వెతకాలి. స్థిరాస్తి దస్తావేజులు రాసే 1వ పుస్తకాన్నీ దాని ఇండెక్సులనీ ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. ఒక ఇండెక్సు మనుషుల పేర్లతో, ఇంకొకటి ఆస్తి వివరాలతో ఉంటుంది. ఊరు తెలిసి సర్వే నంబరు తెలియకపోతే పేర్ల ఇండెక్సు చూపించమనండి. వీలునామాల పుస్తకం అలా అందరికీ చూపించరు. రాసినవారు పోయాక నకలు అడగొచ్చు.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక ఇంకో రకం కాగితం పెరిగింది: అన్నదమ్ములకి అక్కచెల్లెళ్ళు రాసిచ్చే హక్కు విడుదల దస్తావేజు. అందులో ఆడపడుచులందరి పేర్లూ, వాళ్ళ భర్తల పేర్లూ, ఊళ్ళూ వరసగా ఉంటాయి. ఇది మీ ఇంట్లో ఉండదు, ఆవిడ అన్నదమ్ముల ఇంట్లో ఉంటుంది. అందుకే రెండో మెట్టులో మేనమామ పిల్లలు ఎక్కడున్నారని అడగమన్నాను.

జిల్లా పేరు చూసి కంగారు పడొద్దు. 1904లో ఏలూరు, తణుకు, భీమవరం, నర్సాపురం తాలూకాలు గోదావరి జిల్లా నుంచి కృష్ణా జిల్లాలోకి వెళ్ళాయి. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది. కాబట్టి 1915 నాటి కాగితంలో "కృష్ణా జిల్లా, భీమవరం తాలూకా" అని ఉంటే అది మన భీమవరమే. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2022లో జిల్లాలు మళ్ళీ మారాయి. పాత కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాసుకుని, పక్కన ఇప్పటి మండలం, జిల్లా వేసుకోండి.

భూమి లేని కుటుంబాలకి ఈ మెట్టు ఉపయోగపడదు. అందుకని చరిత్ర లేదని కాదు. వాళ్ళు 5, 6 మెట్ల మీద, పెద్దల మాటల మీద ఎక్కువ ఆధారపడాలి.

5. పెద్దబిడ్డ పుట్టిన రికార్డు

తొలి పురుడు పుట్టింట్లోనే పోస్తారు. అంటే ఆవిడ మొదటి బిడ్డ జననం ఆవిడ పుట్టింటి ఊళ్ళో నమోదై ఉండే అవకాశం ఎక్కువ. అందరూ తండ్రి ఊళ్ళో వెతికి లేదని వచ్చేస్తారు. మీరు పెద్దబిడ్డకి అమ్మమ్మగారి ఊళ్ళో వెతకండి.

జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. అంతకు ముందు ఊళ్ళో కరణం, మునసబుల కాలంలో రాసిన రిజిస్టర్లు ఉండేవి. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యాక ఆ పుస్తకాలు చేతులు మారాయి, కొన్ని చెదలు తిన్నాయి. పంచాయతీ లేదా గ్రామ సచివాలయంలో మొదలుపెట్టి, లేకపోతే తహసీల్దారు ఆఫీసులో, పట్టణమైతే మున్సిపాలిటీలో అడగండి. "లేదు" అన్నారంటే వెతికి లేదన్నారా, వెతక్కుండా అన్నారా అన్నది మర్యాదగా తేల్చుకోండి. సంవత్సరం, నెల ఇచ్చి దరఖాస్తు రాసిస్తే వెతుకుతారు.

రిజిస్టరులో తల్లి పేరు దగ్గర ఇంటిపేరు ఉండకపోవచ్చు. నిరాశపడొద్దు. సమాచారం ఇచ్చినవారి పేరు చూడండి. పుట్టింట్లో పురుడైతే ఆ కబురు చెప్పింది బిడ్డ తాతో, మేనమామో అయి ఉంటారు.

6. చర్చి, నిఖా, యానాం

క్రైస్తవ కుటుంబాలు పెళ్ళి జరిగిన చర్చిలో రిజిస్టరు అడగాలి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం రాసే పెళ్ళి రిజిస్టరులో వధువు తండ్రి పేరు కూడా రాస్తారు. పెళ్ళి ఎక్కువగా పిల్ల ఊరి చర్చిలోనే చేస్తారు కాబట్టి ముందు అక్కడికి వెళ్ళండి. బాప్తిస్మం రిజిస్టర్లు కూడా చూడండి. పెద్దయ్యాకే బాప్తిస్మం ఇచ్చే సంఘాల్లో చంటిపిల్లల పేర్లు ఉండవని మాత్రం గుర్తుంచుకోండి. ముస్లిం కుటుంబాలకి నిఖానామాలో, ఖాజీగారి రిజిస్టరులో వధువు తండ్రి పేరు ఉంటుంది.

యానాం సంగతి వేరు. 1954 వరకు అది ఫ్రెంచివారి చేతిలో ఉంది. బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాల్ని ఆపే శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వస్తే, ఆ చట్టం వర్తించని యానాం వెళ్ళి చిన్నపిల్లల పెళ్ళిళ్ళు చేసుకొచ్చారు. మీ ముత్తవ్వ పెళ్ళి 1930ల్లో జరిగి, ఊళ్ళో ఎవరికీ ఆ పెళ్ళి గుర్తు లేకపోతే, "యానాంలో చేశారా?" అని ఒక్కసారి అడిగి చూడండి. యానాం కుటుంబాలవారైతే ఫ్రెంచి జనన, వివాహ రిజిస్టర్లు అడగండి. ఫ్రెంచి పద్ధతిలో ఆడవాళ్ళని పుట్టింటి పేరుతోనే రాస్తారు.

7. గోత్రం, తర్పణాలు

మీ ఇంట్లో తర్పణాలు వదిలే అలవాటు ఉంటే, తల్లివైపు మూడు తరాల పేర్లు అక్కడ ఉంటాయి: మాతామహుడు, ఆయన తండ్రి, ఆయన తాత, వాళ్ళతోపాటు వాళ్ళ భార్యలు. మామయ్య రాసుకున్న కాగితమో, పురోహితుడి పుస్తకమో చూడండి. ఇందులో గోత్రం, పేరు ఉంటాయి గానీ ఇంటిపేరు ఉండకపోవచ్చు. అయినా ఇది మంచి జల్లెడ. 2027 పుష్కరాలకి పిండప్రదానం చేయించే ఆలోచన ఉన్నవాళ్ళు ఈ జాబితా ఇప్పుడే రాసి పెట్టుకుంటే రేవులో టెన్షన్ పడక్కర్లేదు.

ఎక్కడ పొరబడతాం

మా తాతమ్మ పుట్టింటి పేరు నేను నాలుగేళ్ళు తప్పుగా రాసుకున్నాను. ఆవిడ తమ్ముడని అందరూ చెప్పిన మనిషి ఇంటిపేరు వేశాను. నేను పైన చెప్పిన మేనమామ సూత్రమే. ఆయన చిన్నప్పుడే పిల్లల్లేని మేనమామ ఇంటికి దత్తు వెళ్ళారన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. దత్తు వెళ్ళినవారికి ఇంటిపేరు మారిపోతుంది కదా. చివరికి అటక మీది బిందె మీద వేరే ఇంటిపేరు కనబడి, మళ్ళీ మొదటి నుంచి అందరినీ అడిగితే బయటపడింది. అప్పటికి ఆ తప్పు పేరు పది ఇళ్ళకి పంచేశాను. పెన్సిలుతో రాయమన్నది అందుకే.

దత్తతలాగే ఇల్లరికం కూడా తికమక పెడుతుంది. ఇల్లరికం వచ్చిన అల్లుడిని ఊరంతా మామగారి ఇంటిపేరుతో పిలుస్తారు. కాగితాల్లో ఆయన సొంత ఇంటిపేరే ఉంటుంది. ఆయన కూతురి పుట్టింటి పేరు ఏదంటే కాగితాల్లో ఉన్నదే రాయండి, ఊరి పిలుపు పక్కన వేయండి.

మేనరికాల్లో ఒకే రెండు ఇంటిపేర్లు తరతరాలుగా అటూ ఇటూ తిరుగుతాయి. రెండిళ్ళు పిల్లల్ని ఇచ్చి పుచ్చుకునే కుండమార్పిడి పెళ్ళిళ్ళలోనూ అంతే. అమ్మమ్మదీ ఆవిడ అత్తగారిదీ ఒకే పుట్టింటి పేరు వస్తే తప్పు రాశామని కొట్టేయకండి. నిజమే కావచ్చు. ప్రతి మనిషికీ తండ్రి పేరు కూడా రాస్తే కలిసిపోరు.

మొదటి భార్య పురిట్లో పోతే ఆవిడ చెల్లెల్నే రెండో పెళ్ళి చేసుకున్నవారుంటారు, వేరే ఇంటి పిల్లని చేసుకున్నవారుంటారు. మీరు ఏ తల్లి సంతానమో పిల్లల వయసుల మధ్య ఎడం చూసి అడగండి. ఈ ప్రశ్న పదిమందిలో అడగొద్దు.

ఇంగ్లీషు స్పెల్లింగు చూసి ఇంటిపేరు తేల్చొద్దు. Chinta, Chintha, Chintaa ఒకే ఇల్లు కావచ్చు. అలాగే ఇంటిపేరు ఒక్కటైనంత మాత్రాన చుట్టాలైపోరు. ఊరి పేరు మీద వచ్చిన ఇంటిపేర్లు ఎన్నో కులాల్లో, ఎన్నో గోత్రాల్లో ఉంటాయి.

దొరికింది సరైనదేనా?

పేరు దొరికాక ఈ నాలుగూ చూడండి.

- ఒకరికొకరు చెప్పుకోని రెండు సాక్ష్యాలు ఉన్నాయా? అత్తయ్య మాట, అత్తయ్య చెప్పగా విన్న బావగారి మాట కలిపి ఒక్కటే లెక్క. అత్తయ్య మాట, చదివింపుల పుస్తకం అయితే రెండు.
- గోత్రం పాటించే కుటుంబమైతే పుట్టింటి గోత్రం, మెట్టినింటి గోత్రం వేరుగా ఉన్నాయా? ఒకటే వస్తే ఎక్కడో పొరపాటుంది.
- తండ్రిగా దొరికిన మనిషి వయసు సరిపోతోందా? తండ్రికీ కూతురికీ పదేళ్ళే తేడా వస్తే అది అన్న అయి ఉంటారు.
- ఆ ఊళ్ళో ఆ ఇంటిపేరువాళ్ళు ఉన్నారా, ఉండేవారా? వెళ్ళి అడగండి. ఫోన్లో తేలనిది అరుగు మీద కూర్చుంటే తేలుతుంది.

నాలుగూ కుదిరితే పెన్నుతో రాయండి. రెండే కుదిరితే పెన్సిలుతో ఉంచి, పక్కన ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో వేయండి.

బతికున్న ఆడవాళ్ళ పుట్టింటి పేర్లు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. తల్లి పుట్టింటి పేరు బ్యాంకుల్లో భద్రతా ప్రశ్నగా అడుగుతారు. పంచుకునే వంశవృక్షంలో పోయినవారివే చూపించండి.

రాసే పద్ధతి నేనైతే ఇలా పాటిస్తాను: ముందు ఆవిడ పేరు, పిలుపు పేరు, ఆ కిందే "పుట్టిల్లు" అని ఇంటిపేరు, ఊరు, గోత్రం, తండ్రి పేరు. ఆ కింద "మెట్టినిల్లు". పుట్టిల్లు పైన ఉండాలి, ఆవిడ ముందు అక్కడి మనిషి కదా.

ఆ ఇంటికి వెళ్ళినప్పుడు ఖాళీ చేతులతో వెళ్ళకండి. నాలుగు అరటిపళ్ళు, మీ దగ్గరున్న ఆవిడ ఫోటో నకలు ఒకటి పట్టుకెళ్ళండి. వాళ్ళ దగ్గర ఆవిడ ఫోటో ఉండదు. కూర్చున్నాక, లేచి వచ్చే ముందు, ఆవిడ తల్లి ఎవరింటి ఆడపడుచో కూడా అడిగి రండి.